వేపమండలు కట్టిన గుమ్మం

నాకు రొమ్ములో ఉన్నది మంచి గడ్డ కాదని డాక్టరుగారు తేల్చి చెప్పేసరికే ఆ సంగతి చల్లపల్లిలో తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మేమింకా నర్సింగ్ హోం మెట్లు దిగుతున్నాం, అక్కడ మావాళ్ళు బస్సు ఎక్కుతున్నారు.

ఇది రెండు మూడేళ్ళ కిందటి మాట. విజయవాడ వన్ టౌన్‌లో ఒక సందులో మా ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తగారు, ముగ్గురమే. మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆయనకు బట్టల కొట్టు. మావి మొదటినుంచీ మగ్గం కుటుంబాలు. పామర్రు, ఉయ్యూరు, చల్లపల్లి చుట్టుపక్కల ఉన్న మా బంధువుల్లో సగంమంది నేసేవాళ్ళు, సగంమంది అమ్మేవాళ్ళు. పెళ్ళి వచ్చిందంటే మాత్రం అందరూ మా కొట్లోనే కొనేవాళ్ళు. నా ప్రాణం మీదికి తెచ్చింది ఈ ఆఖరి ముక్కే.

గడ్డ పెద్దదిగా ఉంది, ఇప్పుడే కోస్తే వేళ్ళు మిగిలిపోతాయన్నారు డాక్టరుగారు. ముందు మందు ఎక్కించి దాన్ని చిన్నది చేసి, ఆ తర్వాత ఆపరేషన్. మద్రాసులో చూసి వచ్చిన కొత్త పద్ధతట. కీమోథెరపీ అని దానికి పెద్ద పేరు. మా ఇంట్లో 'ఎర్ర మందు' అనేవాళ్ళం.

నిజంగానే దానిమ్మరసంలా ఎర్రగా ఉండేది. మొదటిసారి ఎక్కించిన రోజు ఇంటికొచ్చాక మూత్రం ఎర్రగా అయ్యేసరికి, మా అత్తగారు "రక్తం పోతోందర్రా!" అని సందు చివరిదాకా వినబడేలా అరిచారు. అది మందు రంగని చెప్పేలోపలే పక్కింటివాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత వాంతులు. కడుపులో ఏమీ లేకపోయినా పేగులు మెలిపెట్టి పిండినట్టు వచ్చేవి. నోరంతా పూసింది, మంచినీళ్ళు కూడా మండేవి. ఊరంతా ఆవకాయలు పెట్టుకునే రోజులవి. గాలిలో ఆవపిండి ఘాటు, నా పళ్ళెంలో చల్లమజ్జిగలో నానిన మెతుకులు. నాలిక మీద ఎప్పుడూ ఇనపమేకు పెట్టుకున్నట్టు ఒక రుచి. గోళ్ళు నల్లబడ్డాయి. సూది గుచ్చిన నరం మోచేతిదాకా తాడులా బిగిసి నల్లగీత కట్టింది. రెండోసారి మందుకు జుట్టు దువ్వెనతో పాటే వచ్చేసింది. నోరు పుండైనా మాటలకేం లోటు రాలేదని మా ఆయన అనేవారు. ఆ మాత్రమైనా మిగిలినందుకు సంతోషించాలి కదా!

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది గంజి వాసన. పుట్టిన దగ్గర్నుంచీ మగ్గాల మధ్య, పడుగు నూలుకు పట్టించే గంజి వాసనలో పెరిగినదాన్ని. అన్నం వాసన ఎలాగో నాకు అదీ అలాగే. అలాంటిది, ఆయన కొట్టునుంచి వచ్చి వీధరుగు దగ్గర చెప్పులు విప్పుతుంటే, ఆ చొక్కాకు పట్టిన కొత్తబట్టల గంజి వాసనకు నాకు లోపలి గదిలో వాంతి అయ్యేది. పాపం, ఆయన బయటే చొక్కా విప్పి లోపలికి వచ్చేవారు. పుట్టింటి వాసన కూడా సహించకుండా చేసిన జబ్బును నేను క్షమించను.

అయినా ఇవన్నీ మందు చేసిన పనులు. మందుతో పోట్లాడలేం. మనుషులు చేసిన పనుల సంగతి వేరు.

డాక్టరుగారు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. "ఈ మందు గడ్డనొక్కదాన్నే చంపదమ్మా. ఒంట్లో రోగాలు రాకుండా కాపలా కాసే తెల్లకణాల్ని కూడా చంపుతుంది. మందెక్కాక కొన్నాళ్ళు మీకు కాపలా ఉండదు. ఇంకొకరికి తుమ్ముతో పోయే జలుబు మీకు ప్రాణాంతకం. మనుషుల్ని దగ్గరకు రానివ్వకండి. ఆపరేషన్ నాటికి జ్వరం లేకుండా, కణాలు సరిపడా ఉండాలి. అదొక్కటీ మీ చేతుల్లో ఉంది."

నా చేతుల్లో ఉందట! ఆయనకు మా చుట్టాలు తెలియదు.

మనవైపు మనిషి మంచాన పడితే చూడ్డానికి వెళ్ళకపోతే మాట వస్తుంది. ఆపరేషనంటే చెప్పనే అక్కర్లేదు. మనిషి బల్లమీదే పోతే, "ఆఖరి చూపుకైనా రాలేదు" అని జీవితాంతం పడాలి. అందుకని ముందే వచ్చి ఒకసారి చూసి పోతే అటో ఇటో ఏదైనా తమ మీద నింద ఉండదు. అంత ముందుచూపు నాకెందుకు లేకపోయిందా అనిపించేది. పైగా పెళ్ళిళ్ళ కాలం. ఉదయం బస్సు దిగి నన్ను చూసేవాళ్ళు, మధ్యాహ్నం మా కొట్లో చీరలు చూసేవాళ్ళు, మాట్నీ ఆట చూసేవాళ్ళు, సాయంత్రం బస్సుకు పోయేవాళ్ళు. ఒక్క బస్సు టిక్కెట్టుకు మూడు చూపులు.

పామర్రునుంచి ఒకావిడ వచ్చింది. మనిషి మంచిదే, ముక్కు మాత్రం కారుతోంది. వస్తూనే నా రెండు చేతులూ పట్టుకుని చెంప చెంపకు ఆనించింది.

"అయ్యయ్యో, పువ్వులాంటి పిల్ల! ఎలా అయిపోయావమ్మా!"

"నలభై దాటాయండీ నాకు, పువ్వునేం కాదు. కాస్త దూరంగా కూర్చోండి, డాక్టరుగారు..."

"డాక్టర్లు అలాగే అంటార్లే. మనవాళ్ళని మనం ముట్టుకోకపోతే ఎవరు ముట్టుకుంటారు? మా ఊళ్ళో ఒకావిడకి అచ్చం నీకులాగే, ఇదే పక్కన. బల్లమీదే పోయింది పాపం. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు" అని తుమ్మింది. నా మీదే.

ఆవిడ వెళ్ళాక మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "గుమ్మంలోనే చెప్పొచ్చు కదండీ!"

"కూతురి పెళ్ళిబట్టలకు వచ్చారే. ఇంట్లోకి రావద్దన్నవాడి కొట్లోకి వస్తారా?" అన్నారాయన.

సరే, నేనే చెప్పుకుంటానని ఒక అట్టముక్క మీద, 'డాక్టరు గారి ఆజ్ఞ. దయచేసి లోపలికి రావద్దు' అని పెద్ద అక్షరాలతో రాసి వీధి తలుపుకు కట్టాను. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, నా దస్తూరీ బాగుంటుంది. ఉయ్యూరునుంచి వచ్చిన బాబాయిగారు బయట నిలబడి అంతా చదివి, లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా. చదువుకున్న పిల్లవనిపించావు" అని మెచ్చుకున్నారు. ఆ అట్టను ఏం చేశానో చెప్పను.

ఆ వారం తిరక్కుండానే జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోయి, మాట తడబడి, నర్సింగ్ హోంలో పడేశారు. ఆపరేషన్‌కు అనుకున్న రోజు సెలైన్ సీసా కింద గడిచిపోయింది. జ్వరం దిగాక డాక్టరుగారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. ఆయన అరిచినా బాగుండేది, అరవలేదు.

"గడ్డ ఇప్పుడు నిమ్మకాయంత అయింది. కొయ్యడానికి ఇదే అదను. కానీ ఈ ఒంటితో కొయ్యలేను. ఆలస్యమైతే గడ్డ మనకోసం ఆగదు కదమ్మా, మళ్ళీ పెరుగుతుంది. ఇంకొక్కసారి మందు ఎక్కిస్తాను. కణాలు కోలుకోగానే కోసేస్తాను. ఈసారి జ్వరం తెచ్చుకుంటే మాత్రం నేనేం చెప్పలేను."

ఆ 'చెప్పలేను' అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మళ్ళీ ఎర్ర మందు, మళ్ళీ వాంతులు. ఆ సాయంత్రమే మా ఆయన నసుగుతూ వచ్చి, ఆదివారం చల్లపల్లినుంచి ఎవరో వస్తున్నారన్నారు. నేను కిటికీలోంచి బయటకు చూశాను. ఎదుటి సందులో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. పోస్టుమాన్ ఆ ఇంటి ముందు వీధిలోనే నిలబడి, ఉత్తరం లోపలికి విసిరి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, అది ఆటలమ్మ కానీయండి మరొకటి కానీయండి, మావైపు గుమ్మానికి వేపమండలు కడతారు. తల్లి వచ్చి కూర్చుందని అర్థం. ఇక చుట్టం రాడు, బిచ్చగాడు కేక వెయ్యడు, చాకలి బట్టలు పట్టుకెళ్ళడు. ఎవరికి పోసిందని కూడా అడగరు, అడిగితే తల్లి తమవైపు చూస్తుందని భయం.

మా పెరటి గోడమీదికి పక్కవాళ్ళ వేపచెట్టు కొమ్మ ఒకటి వంగి ఉంటుంది. తలకు తువ్వాలు చుట్టుకుని, ముక్కాలిపీట ఎక్కి నేనే విరిచాను. కాయలతో ఉన్న మండలు. రెండు విరిచేసరికి కళ్ళు తిరిగాయి, పీట పట్టుకుని కూర్చున్నాను. మా అత్తగారు పరుగెత్తుకొచ్చారు.

"ఏం పనే ఇది? ఎవరికి పోసింది అమ్మవారు?"

"ఎవరికీ పొయ్యలేదు. గుమ్మానికి కడతాను."

"తల్లి పేరుతో అబద్ధమా? నిజంగా పోస్తే?"

"డాక్టరు పేరుతో నిజం చెబితే ఎవరు విన్నారు? అట్ట కడితే ఎవరు ఆగారు? బి.ఏ. చదివి నేను చెప్పినదానికి, అన్నేళ్ళు చదివి ఆయన చెప్పినదానికి లేని విలువ ఈ ఆకులకుంటే, తప్పు నాదా అత్తయ్యా?"

ఆవిడ నా చేతిలోని మండలు లాక్కున్నారు. పారేస్తారనుకున్నాను. పసుపునీళ్ళలో ముంచి, వీధి గుమ్మానికి రెండువైపులా కట్టి వచ్చారు. ఆ తర్వాత కొత్త కుండకు పసుపు రాసి, బొట్టుపెట్టి, ఆకు కప్పి మూలన కూర్చోబెట్టారు. చలివిడి చేసి దాని ముందు పెట్టారు.

"ఇదంతా ఎందుకండీ?"

"పిలిచాం, వచ్చింది, కూర్చుంది. ఇంక అబద్ధమేముంది?" అన్నారు.

కాలేజీలో వాదోపవాదాల పోటీకి వెళ్ళిన రోజుల్లో కూడా ఇలాంటి ప్రత్యర్థి ఎదురుకాలేదు.

మర్నాటినుంచి మా సందు మూగపోయింది. పాలమనిషి చెంబులో దూరంనుంచి పోసి వెళ్ళేది. ఆదివారం రావలసిన చల్లపల్లివాళ్ళు సందు మొదట్లోనే ఆగి, దూరంనుంచి దణ్ణం పెట్టి పోయారట. ఇంకో సుఖం నేను ఊహించనే లేదు. అమ్మవారున్న ఇంట్లో తాళింపు వెయ్యకూడదు. ఇంగువ లేదు, పోపు లేదు, వేపుళ్ళు లేవు. చప్పిడి పప్పూ మజ్జిగా. ఇన్నాళ్ళూ పోపు చిటపటమంటే నాకు పేగులు పైకి వచ్చేవి, ఎవరూ పట్టించుకోలేదు. "ఇంట్లో మిగతావాళ్ళు తినొద్దా?" అన్న మనుషులు అమ్మవారి కోసం నోరుమూసుకుని చప్పిడి తిన్నారు. నాకోసం మానలేని పోపును ఆ మూలనున్న కుండకోసం మానారని మా ఆయనకు వినబడేలా అన్నాను. ఆయన పప్పులో ఇంకాస్త ఉప్పు కలుపుకున్నారు.

అయితే ఈ సుఖానికి మునిసిపాలిటీ అడ్డొచ్చింది.

దేశంలో మశూచి పోయిందో, ఇంకా ఎక్కడైనా దాక్కుందో అని ఇంటింటా వెతుకుతున్న రోజులవి. కేసు చూపించినవారికి బహుమతి అని గోడలమీద రాశారు. మా గుమ్మానికి ఆకులు చూసి ఎవరికో ఆశ పుట్టింది. ఒక ఉదయం హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనకాల టీకాలు వేసే మనిషి. ఇన్‌స్పెక్టరు చేతిలో పొక్కులతో నిండిన పిల్లవాడి బొమ్మ ఉన్న అట్ట. సందంతా కిటికీల్లో నిలబడింది.

"ఎవరికండీ అమ్మవారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీకెవరు చెప్పారు?" అన్నాను లోపల్నుంచి.

"బహుమతుందండీ. చెప్పకుండా ఉంటారా?"

ఆయన్ను పంపడానికి వేరే దారి లేక, గుమ్మానికి ఇవతలే నిలబడి తలమీద తువ్వాలు తీశాను. "చూడండి. ఒక్క పొక్కు లేదు. ఒక్క వెంట్రుకా లేదు. నాకు క్యాన్సరు. మందు ఎక్కించుకుంటున్నాను. జనం మీదపడకుండా ఆకులు కట్టుకున్నాను."

క్యాన్సరు అన్న మాట పైకి అనేసరికి కిటికీలు కొన్ని మూసుకున్నాయి. మా ఇంట్లోనే ఆ మాటను 'ఆ జబ్బు' అనేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు కాస్త తడబడ్డాడు కానీ, రూలు రూలే అన్నాడు. అనుమానం ఉన్న ఇంట్లో అందరికీ టీకా వెయ్యాలి. టీకాల మనిషి అప్పటికే పెట్టె తెరిచి సూది తీశాడు.

ఆ మందు ఒంట్లో ఉన్నంతకాలం ఏ టీకా వేయించుకోవద్దని, ఇంట్లోవాళ్ళు వేయించుకున్నా నాకు ప్రమాదమేనని డాక్టరుగారు మొదటే చెప్పారు. కాపలా లేని ఒంట్లో టీకా మందే జబ్బవుతుందట. జలుబుల్ని ఆపడానికి కట్టుకున్న ఆకులు సూదిని పిలిచి గుమ్మంలో నిలబెట్టాయి.

"గడప దాటారంటే ఊరుకోను" అన్నాను. మా అత్తగారు చీపురుతో సహా వచ్చి ఆ మనిషికీ నాకూ మధ్య నిలబడ్డారు.

"ఒరే నాయనా, నా కోడలికి ఆ సూది తగిలిందో, లోపల కుండలో ఉన్న తల్లి నీ వెంట వస్తుంది. నీ ఇష్టం."

టీకాల మనిషి సూది పెట్టెలో పెట్టేశాడు. ప్రభుత్వ ఉద్యోగి అయితేనేం, కృష్ణాజిల్లా మనిషే కదా! ఇన్‌స్పెక్టరు మాత్రం సందు చివర మందుల షాపుకు వెళ్ళి డాక్టరుగారికి ఫోన్ చేసి, కనుక్కుని తిరిగొచ్చాడు. ఆయన మా ఇంట్లో ఎవరికీ టీకా వద్దే వద్దని చెప్పారట.

"టీకాలు వద్దులెండి. కానీ లేని జబ్బుకి ఆకులు కట్టకూడదండీ. మాకు పని పెరుగుతుంది. తీసెయ్యండి."

"తీస్తాను. డాక్టరుగారు ఫోన్లో చెబితే మీరు విన్నారు. మా చుట్టాలు వినరు. వాళ్ళకు వెయ్యడానికి మీ పెట్టెలో టీకా ఏదైనా ఉందా?"

"మా డిపార్టుమెంటులో దానికి మందు లేదండీ" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రాలేదు. ఆకులు తీసేశాం. ఇక రేపు ఉదయం మొదటి బస్సుకే చుట్టాలు తయారవుతారని బెంగపెట్టుకున్నాను.

ఎవరూ రాలేదు. ఆకులు మామూలు ఆటలమ్మకు కూడా కడతారు, మునిసిపాలిటీవాళ్ళు పెట్టెతో వచ్చారంటే మశూచే అయుంటుందని ఊరు తేల్చేసింది. నా తల చూసినవాళ్ళు, జుట్టు కూడా దానికే పోయిందన్నారు. నేను అంత గట్టిగా క్యాన్సరని చెప్పినది ఏమైందో! నిజం చెప్పినా అబద్ధంగానే చేరుతుందంటే ఇంక నేనేం చెయ్యను?

దెబ్బ కొట్టుకు తగిలింది. మశూచి ఇంటినుంచి వచ్చిన బట్టలని పెళ్ళివాళ్ళు వెనక్కి తిరిగిపోతున్నారట. మా ఆయన ఆ సాయంత్రం చొక్కా విప్పకుండానే లోపలికి వచ్చారు. ఆ వాసనకు నేను పళ్ళెం పక్కకు నెట్టాను.

"రేపు కొట్లో అందరికీ ఉన్నమాట చెప్పేస్తాను. వేరే దారి లేదు" అన్నారు.

"చెప్పండి. చెప్పగానే అందరూ ఏం చేస్తారు? అయ్యో పాపం అని ఇక్కడికి వస్తారు. పామర్రు తుమ్ము మర్చిపోయారా?"

"సీజన్ పోతే ఏడాదంతా ఏం తింటామే?"

"నేను పోతే ఏడాదంతా ఎవరితో తింటారు?"

ఆయన ముఖం చూసి నాకే జాలేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. మా అత్తగారే తీర్పు చెప్పారు. "నువ్వు కొట్లోనే పడుకో. హోటల్లో తిను. ఇంటికి వెళ్ళడం లేదని చెప్పు. కొనేవాడు కొంటాడు. దాని ఆపరేషనయ్యేదాకా ఇటు రాకు." ఆయన దిండూ దుప్పటీ పట్టుకుని వెళ్ళిపోయారు. పెళ్ళయ్యాక నేను అలిగి పుట్టింటికి వెళ్ళడమే తప్ప, ఆయన కొట్టుకు కాపరానికి పోవడం అదే మొదలు.

డాక్టరుగారు రక్తం తీసుకుని చూసి, కణాలు పెరుగుతున్నాయి, ఇంకొన్ని రోజులు ఇలాగే ఉండండి అన్నారు. నోటి పుళ్ళు మానుతున్నాయి. ఒక ముద్ద పప్పన్నం నొప్పి లేకుండా దిగింది. సరిగ్గా అప్పుడు పెద్దమ్మగారు వచ్చారు.

పెద్దమ్మగారన్నది పెద్దరికానికి వచ్చిన పిలుపు; వరసకు మా ఆయన మేనత్త, మా అత్తగారికి ఆడపడుచు. ఉండేది చల్లపల్లిలో. పుట్టింటిమీద పెత్తనం ఆవిడది. ఆవిడ ముందు మా అత్తగారు కూడా కొత్తకోడలే. పెద్దమ్మగారికి చిన్నప్పుడే మశూచి పోసి ముఖమంతా మచ్చలు. ఆ జబ్బు ఒకసారి చూసినవాళ్ళను మళ్ళీ చూడదు. ఊరంతా భయపడి ఆగిపోయినదానికి భయపడనవసరం లేని మనిషి ఆవిడొక్కరే.

"ఏమే, తల్లి పోసిందట కదే నీకు! నేను రాకపోతే ఇంకెవరొస్తారే? నన్నేం చేస్తుంది ఆవిడ? నా మొహం మీద అప్పుడే సంతకం పెట్టి పోయింది" అంటూ అరుగెక్కి, వంగి, గుండెల్లోంచి దగ్గారు. ఆ దగ్గు తడిదగ్గు. నాకు వినబడింది అదొక్కటే.

మా అత్తగారు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. "వదినా... కాళ్ళు..." అని ఆగిపోయారు. ఆవిడ అడ్డు చెప్పలేరు. చెప్పిన అలవాటు లేదు. నేను గోడ పట్టుకుని లేచి గుమ్మం దగ్గరకు వచ్చాను.

"పెద్దమ్మగారూ, అక్కడే ఆగండి."

"ఏం?"

"నాకు అమ్మవారు పొయ్యలేదు. మీరెవరూ రాకుండా నేనే ఆకులు కట్టాను."

ఆవిడ కాసేపు నన్నూ, గుమ్మాన్నీ మార్చి మార్చి చూశారు. "అమ్మవారిని అడ్డం పెట్టుకుని చుట్టాలని తరిమావా?"

"డాక్టరుగారిని అడ్డం పెడితే మీరెవరూ ఆగలేదండి."

"నేను చుట్టాన్నా? నీ మొగుణ్ణి ఈ చేతులతో పెంచానే!"

"పెంచారు. కాదనను. ఆ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గండి. మీ దగ్గు నాకంటుకుంటే నా ఆపరేషన్ ఆగిపోతుంది. ఆపరేషన్ ఆగితే నేను బతకను. మీకు నన్ను చూడాలనుందా, నేను పోయాక నన్ను చూశానని చెప్పుకోవాలనుందా?"

పెద్దమ్మగారి ముఖం ఎర్రబడింది. లోపలికి రాలేదు. అలాగని పోనూ లేదు. అరుగుమీదే చతికిలబడి, కిటికీకి వీపు పెట్టి, మధ్యాహ్నమంతా వీధిలో పోయేవాళ్ళకు నా గుణగణాలు వర్ణించారు. చదువుకున్న కోడల్ని తేవద్దని అప్పుడే చెప్పానన్నారు. మా అత్తగారు అన్నం అరుగుమీదికే తెచ్చి పెడితే తిన్నారు. తింటూ, తల తిప్పకుండా, "అది ఏం తింటోంది?" అని అడిగారు.

"చప్పిడి పప్పు" అన్నారు మా అత్తగారు.

"అందుకే కారమంతా నాలిక మీదికి ఎక్కింది!"

సాయంత్రం బస్సువేళకు లేచి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీవైపు చూసి అన్నారు. "నువ్వు బతికి బట్టకట్టాక నీ గడప తొక్కితే నన్నడుగు. వింటున్నావా? బతికాకే!"

ఆవిడ బస్సు చల్లపల్లి చేరేలోపల దారిపొడుగునా సంగతి పాకింది. మశూచి లేదని తేలిపోయింది. బట్టల కొట్టాయన భార్య చుట్టాలని ఆకులు కట్టి తరిమిందని కూడా తేలిపోయింది. మా ఆయన కొట్టునుంచి కబురు పంపారు. పామర్రువాళ్ళు అలిగారు. ఉయ్యూరు బాబాయిగారు అలిగారు. పెళ్ళిబట్టలు గవర్నరుపేట కొట్లలో కొంటున్నారు. మా ఇంటి శుభానికీ అశుభానికీ రామని ఒట్టుపెట్టుకున్నారు. నేను ఇన్నాళ్ళూ బతిమాలినా, అట్ట రాసినా, ఆకులు కట్టినా పూర్తిగా రాని ఏకాంతం ఒక్క అలకతో వచ్చింది. ప్రాణం పోతుందంటే ఆగని కాళ్ళు మర్యాద పోయిందంటే ఆగాయి. దీనికి సంతోషించాలో తల గోడకేసి కొట్టుకోవాలో నాకు తెలియలేదు. కొట్టుకోవడానికి తలమీద జుట్టయినా లేదు, దెబ్బ నేరుగా తగులుతుంది.

నర్సింగ్ హోంలో చేరిన రోజు డాక్టరుగారు రక్తం రిపోర్టు ఇటూ అటూ తిప్పి చూశారు. గొంతు చూశారు, నాడి చూశారు. "జ్వరం లేదు. కణాలు బాగున్నాయి. రేపు ఉదయం చేసేద్దామమ్మా" అన్నారు. మంచం అంచు పట్టుకున్నాను. ఆయన మా అత్తగారివైపు తిరిగి, "ఈసారి మీవాళ్ళందరూ చాలా బాగా సహకరించారండీ" అన్నారు.

"అవునండీ. ఒక్కళ్ళు మిగలకుండా అలిగారు" అన్నారు మా అత్తగారు.

ఆయనకు అర్థంకాక నావైపు చూశారు. సహకారమట! ఎవరి సహకారం? నేను మొదటినుంచీ చెబుదామని ఊపిరి తీసుకుని నోరు తెరిచాను. మా అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి మంచంమీదికి నొక్కారు.

"ముందు కోయించుకో. పోట్లాట తర్వాత."